చివరి పిచ్చుక పెళ్లి

పట్టణ జీవవైవిధ్య సర్వే పూర్తయ్యేసరికి ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క పిచ్చుక సుహాసిని అని తేలింది. ఆమె ఇంటిపేరు పిచ్చుక. ఫొటో స్టూడియోలో పనిచేస్తూ మేడమీద అద్దె గదిలో ఉంటుంది. ఆ గదిని మున్సిపాలిటీవారు పిచ్చుకల ఆవాసంగా గుర్తించి, మెట్ల దగ్గర బోర్డు కూడా పెట్టారు.

సర్వే పద్ధతి సులువైనది. తెలుగువాళ్ల ఇంటిపేర్లలోనే సగం అడవి ఉండగా చెట్లెక్కడం, పొదలు వెతకడం దేనికని పౌర శాస్త్రవేత్తలుగా పేరిచ్చిన ఊరివాళ్లు వీధివీధీ తిరిగి తలుపుల మీది పేర్లు ఫోన్లలోకి ఎక్కించారు. పులులు కూరగాయల మార్కెట్ వెనక, నక్కలు ఆఫీసర్స్ కాలనీలో బాగానే వృద్ధి చెందుతున్నాయి. సుహాసిని అక్క కూడా పిచ్చుకే గానీ, తాటివారింటి కోడలై చెట్లలో కలిసిపోయింది.

చిక్కల్లా సుహాసిని పెళ్లి దగ్గరే వచ్చింది. వరుడు చీమల ఫల్గుణ. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దలు ఒప్పుకున్నారు, జీవవైవిధ్య అధికారి మాత్రం ఒప్పుకోలేదు. ఇద్దరినీ ఆఫీసుకు పిలిపించారు.

అధికారి నక్కా సత్యవాణి కుర్చీలు చూపించింది. “చూడమ్మా, నువ్వు వాళ్లింటికెళ్తే చీమవైపోతావు. చీమలు మనకి బోలెడున్నాయి. పిచ్చుకలు అంతరించిపోయాయని పైకి రాయాలంటే నాకు చేతులు రావట్లేదు.”

“అయితే నన్ను పెళ్లే మానుకోమంటారాండీ?” సుహాసినికి ఏడుపు ముంచుకొచ్చింది. ఫల్గుణ లేని బతుకు ఆమె ఊహకే అందలేదు.

“పోనీ, నేనే పిచ్చుకనైపోతే సరిపోద్దాండీ?” అన్నాడు ఫల్గుణ.

సత్యవాణి నిబంధనలన్నీ తిరగేసింది. అడ్డేమీ కనిపించలేదు. సంగతి విని ఫల్గుణ తల్లి, “ఏదైతే ఏముందిరా, వేళకి తింటే చాలు,” అంది.

పెళ్లికి ఊరంతా కదిలొచ్చింది. పిచ్చుకల సంఖ్య ఒక్క ముహూర్తంలో రెట్టింపవుతోందని ఫ్లెక్సీలు కట్టారు. వాటికి అడ్డొస్తోందని మండపం ముందున్న కానుగచెట్టు కొట్టేశారు. బాజాలు మోగాయి. తలంబ్రాలు పోసుకుంటుంటే సుహాసినికి సంతోషంతో నవ్వు ఆగలేదు.

అంతలో ఎక్కణ్నుంచో గోధుమరంగు చిన్న పిట్టొకటి ఎగిరొచ్చి, రాలిన బియ్యం ఏరుకోసాగింది. పౌర శాస్త్రవేత్త ఒకాయన ఫోన్ తీసి, వంగి, “ఇంటిపేరు?” అని మర్యాదగా అడిగాడు. జవాబు రాకపోయేసరికి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

“ఎంత ముద్దుగా ఉందో! ఏం పిట్టండీ అది?” అంది సుహాసిని మొగుడి చెవిలో.

“ఏమోనే. మనవాళ్లెవరూ కాదు,” అన్నాడు పిచ్చుక ఫల్గుణ.