షీల్డుల వల

అధ్యక్షులవారికి ఎడమ చెవి వినపడదన్నది పుకారు. కుడి చెవి కూడా వినపడదన్నది వాస్తవం. అందుకే వాలీబాల్ క్లబ్బు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి లేచి "వల చిరిగిందండీ" అంటే, ఆయన చెవికి "వెల పెరిగిందండీ" అని చేరింది. "పెరగనీవయ్యా, మన క్లబ్బుకేగా గొప్ప!" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది.

కోశాధికారి వృత్తిరీత్యా టైలరు. పదకొండేళ్లుగా ఆ వలను సూదితోనే నెట్టుకొస్తున్నాడు. "ఊరి వలకి వెయ్యి కుట్లు వేశావు, ఇంట్లో కర్టెనుకి ఒక్కటి వేశావా?" అని భార్య దెప్పని రోజు లేదు. ఇప్పుడు కుట్లు నిలిచేంత వల కూడా మిగల్లేదు. ఆదివారం పోటీ జరక్కపోతే మైదానాన్ని కార్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తానని స్థలం యజమాని కబురంపాడు.

క్లబ్బుకి దాతల కొరత అన్నది లేదు. మైకులో విరాళం ప్రకటించిన వారంలోపే దాత పేరు చెక్కించిన షీల్డు సిద్ధం చేయడం ఇక్కడి సత్సంప్రదాయం. సొమ్ము అడిగితే బావుండదని క్లబ్బు అడగదు. అడగలేదు కదా అని దాతలు ఇవ్వరు. ఇవ్వందే షీల్డు చేతికివ్వరు. ఇంత మర్యాద ఎక్కడుంది? మొదటి ఏడాది క్లబ్బు ఆస్తి ఒక వల, రెండు బంతులు. ఈ ఏడు అర వల, అరువు బంతి, నూట నలభై షీల్డులు. అభివృద్ధి అంటే ఇదీ!

ఆదివారం పొద్దున్నే టైలరు ఆ షీల్డులన్నీ తాళ్లకు గుచ్చి, రెండు స్తంభాల మధ్య వలగా కట్టేశాడు. బంతి తగిలినప్పుడల్లా ఒక దాత ఠంగుమన్నాడు. పోటీ జరిగింది, మైదానం దక్కింది.

బట్టల కొట్టాయన మాత్రం ఊగిపోతూ వచ్చాడు. "ఏం టైలరన్నా, నా పేరు మూలకి తోశావేం? బంతంతా మధ్యలోనే తగులుతోంది కదా!"

"మధ్యలో కట్టాలంటే, ముందు మీరు కట్టాలండీ."

అక్కడికక్కడే కట్టాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ ఎగబడ్డారు. సాయంత్రానికి కొత్త వలకు సరిపడా సొమ్ము చేరింది.

టైలరు మైకు అందుకుని, అధ్యక్షులవారి కుడి చెవిలో, ఊరందరికీ వినపడేలా అరిచాడు: "వెల కాదండీ, వల! చిరిగింది వల!"

"అలా చెప్పవేమయ్యా!" అన్నారాయన. వెంటనే ఆ సొమ్ముతో, బంతి దెబ్బలకు సొట్టలు పడ్డ షీల్డులన్నీ కొత్తవి చేయించాలని ప్రతిపాదించారు. తీర్మానం ఏకగ్రీవం.

చప్పట్లు కొట్టినవాళ్లలో మీరూ కనిపించారు. మూడో వరసలో, ఎడమ నుంచి రెండో షీల్డు తమదే కదూ?