ఖాళీగా వదలకూడని గడి

వాషింగ్ మెషీన్ ఆగేలోపు ప్రగతి నివేదిక పంపించేసి, బట్టలు ఆరేసి, తర్వాత బడికి వెళ్లాలని పరిశోధకురాలు అనుకుంది. నివేదికలో కష్టమైన భాగం ముందురోజే అయిపోయింది. మూడో తరగతి పిల్లలు రోజూ ఉదయం జంటలుగా కూర్చుని ఇరవై నిమిషాలు పైకి చదివితే చదువు మెరుగవుతుందా అన్నది ఆమె పరిశోధన. మెరుగైంది. తను ఆశించినదానికంటే మెరుగైంది. ప్రభుత్వం రెండో ఏడాదికి నిధులివ్వాలంటే ఆ సంగతి సాయంత్రంలోగా నిధుల కార్యాలయం వెబ్‌సైటులో చేరాలి. చేరకపోతే పరిశోధన అక్కడితో సరి. ఆ పిల్లలు నాలుగో తరగతిలో ఏమవుతారో తెలుసుకునే దారి ఉండదు.

ఒక్క గడి మిగిలింది. ఎదురైన ఇబ్బందులు. ఆమె "లేవు" అని రాసింది. వెబ్‌సైటు ఒప్పుకోలేదు. కనీసం ఒక పూర్తి వాక్యం కావాలంది.

ఆమె భర్తది నీటి సరఫరా శాఖలో ఉద్యోగం. నివేదికలు రాసి రాసి చేయి తిరిగినవాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ తెర వైపు తొంగిచూశాడు.

"ఏదో ఒకటి రాసెయ్. మేం వర్షాలని రాస్తాం."

"ఎండాకాలంలో కూడానా?"

"అప్పుడు వర్షాలు లేవని రాస్తాం. అయినా అవన్నీ ఎవరు చదువుతారు?"

అబద్ధం రాయడానికి ఆమెకు మనసొప్పలేదు. నిజమైన ఇబ్బంది కోసం గడిచిన ఏడాదంతా మనసులో తిరగేసింది. రెండో నెలలో తరగతి గోడ గడియారం ఆగిపోయిన సంగతి గుర్తొచ్చింది. అది ఇప్పటికీ ఆగే ఉంది. టీచరు అంచనాతో నెట్టుకొస్తోంది. "తరగతి గదిలో గడియారం పనిచేయడం లేదు" అని రాసింది. కింద మరో గడి తెరుచుకుంది. తీసుకున్న చర్యలు. ఏ చర్యా తీసుకోలేదు కనుక "విషయం పరిశీలనలో ఉంది" అని రాసి పంపించేసి, బట్టలు ఆరేసింది.

భర్త లెక్క ఒక్కచోట తప్పింది. నిధుల కార్యాలయంలో నివేదికలు చదివే అధికారి ఒకాయన ఉన్నాడు. తోటివాళ్లు ఆయనను భూతద్దం అంటారు. ఆ వారంలోనే ఆయన ఫోను చేశాడు.

"గడియారం లేకుండా ఇరవై నిమిషాలని ఎలా రాశారమ్మా?"

"టీచరు అంచనా వేస్తుందండీ."

"మేం మంజూరు చేసింది ఇరవై నిమిషాలకు. అంచనాకు కాదు."

తనిఖీకి వస్తానన్నాడు. అంతవరకు రెండో ఏడాది ఫైలు తన బల్ల మీదే ఉంటుందన్నాడు. ఆ మాటే తాఖీదుగా రాసి, ఒక నకలు బడికి కూడా పంపాడు.

ఆ నకలు చూసి హెడ్మాస్టరుకు అన్నం సహించలేదు. ఆయన హయాంలో బడి సంగతి సర్కారు కాగితానికి ఎక్కడం అది రెండోసారి. మొదటిసారి పైకప్పు కూలింది. పరిశోధకురాలిని గదిలోకి పిలిచి కూర్చోమనకుండానే మాట్లాడాడు.

"గడియారం ఆగితే నాకు చెప్పాలమ్మా. ఏకంగా ప్రభుత్వానికి చెప్పేస్తారా?"

ఆయన పాతదాన్ని తుక్కులో వేయించాడు. పళ్లెమంత కొత్త గడియారం కొని, తలుపు తీయగానే కనిపించేలా గోడకు తగిలించాడు. ముల్లు ఎక్కడికొస్తే పుస్తకం మూయాలో పిల్లలకు దగ్గరుండి నేర్పించాడు. ఆ తర్వాత తనిఖీ దాకా పరిశోధకురాలు పాత లెక్కలు పోగేయడంలో మునిగి బడి వైపు రాలేదు. అంతా సర్దుకుందని హెడ్మాస్టరు కబురు పంపితే నమ్మింది.

తనిఖీ రోజున భూతద్దం వచ్చి వెనక బెంచీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. పరిశోధకురాలు, హెడ్మాస్టరు గోడవారగా నిలబడ్డారు. పక్క బెంచీలో ఒక పిల్ల తన జతగత్తెకు కథ చదువుతోంది. ప్రతి వాక్యానికీ ఒకసారి తలెత్తి గడియారం చూస్తోంది. "పులి గుహలోంచి బయటికొచ్చి నోరు" అని చదివి, టప్పున పుస్తకం మూసింది. గదంతా ఒకేసారి పుస్తకాలు మూసిన చప్పుడైంది. హెడ్మాస్టరు తృప్తిగా తలూపాడు.

"నోరు తెరిచి ఏం చేసిందమ్మా?" అన్నాడు భూతద్దం.

"టైమైపోయింది సార్."

"అది కాదు. పులి ఏం చేసిందీ అని."

"రేపు చేస్తుంది సార్."

ఆయన ముఖం వాడిపోయింది. ఇదివరకు కూడా ఇంతేనా అని టీచరును అడిగాడు. టీచరు హెడ్మాస్టరు వైపు చూసి, నేల చూపులు చూసి, ఇదివరకు కథ అయ్యేదాకా చదివేవాళ్లని, ఆపమంటే వినేవాళ్లు కాదని, ఎంతసేపో తనకూ తెలియదని చెప్పింది.

తన ఫలితాలు అంత బాగా ఎందుకు వచ్చాయో పరిశోధకురాలికి అప్పుడు తెలిసింది. ఇరవై నిమిషాలు చేసిన పని కాదది. ఆ మాట బయటపెడితే ఫైలు ఆ బల్ల మీదే మూతపడవచ్చు. భర్త అక్కడ ఉంటే వర్షాలని చెప్పమనేవాడు.

"సార్, ఇరవై నిమిషాలని నేను రాసింది తప్పు" అంది. "గడియారం ఆగిపోవడం వల్లే పిల్లలకు చదువొచ్చింది."

భూతద్దం గోడ మీది గడియారం వైపు చూశాడు. తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగి, దాన్ని కిందికి దించమన్నాడు. పిల్ల వైపు తిరిగి, పుస్తకం తెరవమన్నాడు. పులి సంగతి తేలేదాకా బెంచీలోంచి లేవలేదు.

నెల తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. రెండో ఏడాది నిధులు మంజూరు. షరతు ఒక్కటే: తరగతి గడియారం ఆగి ఉండాలి, ఆగి ఉన్నట్టు ప్రతి ప్రగతి నివేదికలోనూ ధ్రువీకరించాలి. పరిశోధకురాలు ఆ ఉత్తర్వు పట్టుకుని బడికి పరుగెత్తింది. తనిఖీ రోజునే, భూతద్దం అటు వెళ్లగానే హెడ్మాస్టరు గడియారాన్ని మళ్లీ గోడకెక్కించాడు. ఉత్తర్వు రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చేశాడు. పాతది తుక్కులో పోయిందన్నాడు. కొత్తది బడి ఆస్తి జాబితాలోకి ఎక్కిందని, నడుస్తున్న ప్రభుత్వ వస్తువును నడవకుండా చేస్తే తన ఉద్యోగానికే ముప్పని, ఇంకోసారి బడి పేరు కాగితానికెక్కడం తన వల్ల కాదని చెప్పాడు. ఎంత బతిమాలినా, ఆ వస్తువుకు తను చేయగలిగింది ఒక్కటేనన్నాడు. చేశాడు.

మరుసటి నివేదిక పంపేటప్పుడు ఆమె ఎవరినీ సలహా అడగలేదు. ఎదురైన ఇబ్బందుల గడిలో "గడియారం నడుస్తోంది" అని రాసింది. తీసుకున్న చర్యల గడిలో, "గోడవైపు తిప్పి తగిలించాం."