దాత దుర్గప్ప గారి వినయం

ఎమ్మిగనూరు రోడ్డులోని మా ధర్మరక్ష ప్రభుత్వ న్యాయ కళాశాలకు నిరుడు ఒక చరిత్ర మంజూరైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అంతకుముందు పదేళ్లూ అది చరిత్ర లేకుండానే పాఠాలు చెప్పుకొచ్చింది. దశాబ్ది ఉత్సవానికి పెద్దలు వస్తున్నారనగా ప్రిన్సిపాల్ గురురాజ గారికి ఆ లోటు తెలిసింది.

కళాశాల పుట్టుక నిజానికి సాదాసీదాగానే జరిగింది. మొదట్లో ఆదోనిలో మూతబడిన జిన్నింగు మిల్లు షెడ్డులో నడిచేది. దూది దుమ్ముకు విద్యార్థులు ప్రాథమిక హక్కుల దగ్గరే తుమ్ముతూ ఆగిపోయేవారు. సొంత భవనం లేకపోతే గుర్తింపు ఉండదని పైనుంచి హెచ్చరిక వచ్చింది. ఆ ఏడు వానలు లేక, రైతు దుర్గప్ప భార్య సుంకులమ్మతో కలిసి మిరపకోతలకు గుంటూరు వైపు వలస వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆయన పత్తి చేనులో న్యాయశాస్త్రం మొలిచి, గోడల ఎత్తు పెరిగింది. ఖాళీగా కనిపించిన నేలను ప్రజాప్రయోజనానికి వాడుకోవడం తప్పెలా అవుతుంది?

దుర్గప్ప అడుగుతూనే ఉన్నాడు. విచారణ జరుగుతోందని కళాశాల వాళ్లూ ఓపికగా చెబుతూనే ఉన్నారు.

ఉత్సవం రోజున ఆయన గుడిసె ముందు కళాశాల జీపు ఆగింది. చేను సంగతి తేలిపోయిందనుకుని దుర్గప్ప ఉతికిన పంచె కట్టుకుని ఎక్కాడు. వేదిక మీద కూర్చోబెట్టి, పూలదండ వేసి, శాలువా కప్పారు. గురురాజ గారు మైకు అందుకున్నారు.

"పురాణాల్లోని దాతలు అడిగితే ఇచ్చారు. మన దుర్గప్ప గారు అడగకుండానే ఇచ్చారు! న్యాయదేవతకు నివాసమిచ్చిన మహనీయులు!"

హాలు దద్దరిల్లింది. దుర్గప్ప లేచి మైకు దగ్గరికి వచ్చాడు.

"నేను ఇయ్యలేదప్పా. మేము కోతలకు పోయింటిమి. వచ్చి సూస్తే గోడలు లేసినాయి. నా సేను నాకిచ్చేయండప్పా."

గురురాజ గారి కళ్లు చెమర్చాయి. "చూశారా వినయం! ఇచ్చి కూడా ఇవ్వలేదంటున్నారు!"

చప్పట్లు ఇంకా పెరిగాయి. ఇయ్యలేదని దుర్గప్ప మళ్లీ అన్నాడు. ఈసారి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇక నోరు తెరవకుండా వెళ్లి కూర్చున్నాడు. మౌనం అంగీకారమేనని, కళాశాల చరిత్రలో దానం ఖాయమైపోయింది.

చప్పట్లు కొట్టనిది ఒక్క వనజ. హాలహర్వి కూలివాళ్ల పిల్ల, ఆఖరి సంవత్సరం విద్యార్థిని. గేటు దగ్గర ఆయనను ఆపింది.

"నిజంగానే ఇయ్యలేదా తాతా?"

"ఇచ్చింటే నాకు గ్యాపకముండదా తల్లీ? మీరు సదువుకునే గదుల కాడ మా ఆడమనిషి కలుపు తీసేది." ఆయన కప్పిన శాలువా తీసి మడిచాడు. "సేను పోతే పోయె. ఇచ్చినాననడం మాత్రం నా సేత కాదు."

వనజ చదువు ముగించి, నల్లకోటు వేసుకోగానే మొదటి కేసుగా అదే పట్టింది. భూమిని ఇవ్వలేదని ఆయన నిండు సభలో చెప్పినప్పుడు విన్నవాళ్లు ఒక్కరైనా సాక్ష్యానికి రావాలి. విన్నవాళ్లకేం, ఊరంతా విన్నది.

ఆ కళాశాలలోనే చదివిన వకీలు వెంకటేశులు, దుర్గప్ప కాళ్లకు దండం పెట్టాడు గానీ, కన్నతల్లి లాంటి సంస్థకు ఎదురు చెప్పలేనన్నాడు. కళాశాల ముందు హోటలు నడిపే జయరాం, తాను ఆ సమయానికి సాంబారు చూసుకుంటున్నానన్నాడు.

వనజ మా ఇంటికీ వచ్చింది.

"ముందు వరుసలోనే కూర్చున్నారు కదన్నా, మీరొచ్చి సెప్పండి."

కూర్చోబెట్టి టీ ఇప్పించాను. ఇలాంటి పిల్లలు మన ప్రాంతానికి చాలా అవసరమని చెప్పాను. దుర్గప్ప మాటలు మీకు పొల్లుపోకుండా చెప్పిన మాట నిజమే. కానీ కథ చెప్పడం వేరు, బోనెక్కడం వేరు.

వాయిదా సోమవారం. ఇంతవరకూ చదివారు కాబట్టి ఆయన మాటలు ఇప్పుడు మీరూ విన్నట్టే. వనజకు మీ పేరు చెప్పమంటారా?