ఆరని నేల, లేని అత్తగారు

మానవ నాగరికతకు అసలు పునాది టైల్స్ మధ్యనున్న సందేనని ప్రభుత్వం ఎట్టకేలకు గుర్తించింది. ఇన్నాళ్ళూ జనం ఆ సందుల్లో టీ ఒలకబోసి, బురద కాళ్ళతో తొక్కి, పైపైన తడిగుడ్డతో తుడిచి ఊరుకున్నారు. (అలాగే బతికేశారు కూడా, అది వేరే విషయం.) ఇక ఆ ఆటలు సాగవు. ప్రతి ఇంటి నేలకూ, సందుల్లో నింపిన సిమెంటు ముద్ద, అదే గ్రౌటు మీద నీరు ఇంకకుండా సీలరు పూయించాలి. పూశాక డెబ్బై రెండు గంటలు, ఆపైన సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా, ఎవరూ అడుగు పెట్టకూడదు. పెడితే నేలంతా తవ్వి పోస్తారు. సందుల సంరక్షణ శాఖవారు వచ్చి గ్రౌటు మీద ఒక నీటి బొట్టు వేస్తారు. బొట్టు గుండ్రంగా నిలిస్తే ఇల్లు పాసు, ఇంకిపోతే ఫెయిలు.

మన కథలోని కోడలు నోటీసంటే వణికే మనిషి. వారం తిరక్కుండానే టైల్స్ మేస్త్రీని పిలిపించింది. మేస్త్రీ మంచి పనిమంతుడు. లోపలి గది గుమ్మం దగ్గర మొదలుపెట్టి, చిన్న బ్రష్షుతో గీత గీతా పూసుకుంటూ, టైలు మీద పడ్డది గుడ్డతో తుడుచుకుంటూ, వెనక్కి వెనక్కి జరిగి హాలంతా ముగించి వీధి గుమ్మంలో తేలాడు.

"అద్దంలా వచ్చిందమ్మా! మూడు రోజులు ఈగని కూడా వాలనివ్వకండి" అన్నాడు నడుం పట్టుకుని.

లోపలి గదిలోంచి పేద్ద ఆవులింత వినబడింది. "ఏమే, టీ పెట్టావా?"

మధ్యాహ్నం కునుకు తీస్తున్న అత్తగారి సంగతి అందరూ శుభ్రంగా మరిచిపోయారు!

వంటింటికీ, పడకగదికీ పెరటి వైపు దారి ఉంది. అత్తగారి గదికి మాత్రం హాలొక్కటే దిక్కు. బాత్రూం గదిలోనే ఉండటం ఆవిడ అదృష్టం. టీ, భోజనం, పక్కింటి కబుర్లు కిటికీ ఊచల్లోంచి అందుతున్నాయి. అసలు చిక్కు శనివారంతో వచ్చింది. ఆ రోజు పదకొండింటికి బళ్ళో మనవరాలి నాటకం. కుందేలు వేషం. మాటలన్నీ నానమ్మే నేర్పింది.

"నానమ్మ ముందు వరసలో లేకపోతే నేను నోరే విప్పను" అని పిల్ల తేల్చి చెప్పేసింది.

గడువు తీరగానే నేల పరిశీలకుడు వచ్చాడు. బూట్లతో టకటకా హాలు మధ్యకి నడిచి బొట్టు వేశాడు. బొట్టు చక్కగా నిలబడింది. "భేష్" అని వెనక్కి తిరిగి ఉలిక్కిపడ్డాడు. "ఎవరో నడిచారే!"

"మీరేనండీ!"

"ఎవరైతేనేం? రూలుకి తనా పరా ఉండదు. నేను కాబట్టి తవ్వించను గానీ, మళ్ళీ డెబ్బై రెండు గంటలు ఆగండి." ఫారంలో 'లోపలి గదిలో వ్యక్తులు' అన్నచోట 'లేరు' అని రాసుకున్నాడు.

"అయ్యో, మా అత్తయ్య ఉన్నారండీ!"

"నేనిక్కడే ఉన్నానయ్యా!" అని లోపల్నుంచి కేక.

"ఉన్నారని రాస్తే అది వేరే సెక్షను కిందికి పోతుందమ్మా. తనిఖీ ఆగిపోతుంది. మీ మంచికే చెబుతున్నా."

కోడలు ఆ వేరే సెక్షనుకీ వెళ్ళింది. టోకెను తీసుకుని ముప్ఫై ఏడుగురి వెనక నిలబడింది. చిక్కుకున్న వ్యక్తి విడుదల కోసం ఆ వ్యక్తే స్వయంగా వచ్చి దరఖాస్తు పెట్టుకోవాలని గుమస్తా సెలవిచ్చాడు.

"ఆవిడ రాగలిగితే ఈ దరఖాస్తు దేనికండీ?"

"మేమూ అదే అంటున్నాం. ఈ సెక్షను పెట్టి రెండేళ్ళయింది, ఒక్కరూ రాలేదు. అంటే ఊళ్ళో ఎవరూ చిక్కుకోలేదనేగా?" (దీనికి శాఖకి ఉత్తమ సేవా పతకం కూడా వచ్చింది.)

రెండోసారి పరిశీలకుడు తెలివిగా గుమ్మంలోనే ఆగి బొట్టు విసిరాడు. అది వెళ్ళి టైలు మీద పడింది. టైళ్ళు తమ శాఖ కిందికి రావని విచారం వెలిబుచ్చి, మళ్ళీ 'లేరు' అని రాసుకుని వెళ్ళిపోయాడు. మూడోసారి, శనివారం పది గంటలకి, పొడవాటి కర్ర చివర డ్రాపరు కట్టుకుని వచ్చాడు. బొట్టు సరిగ్గా గీత మీద పడి నిగనిగలాడింది. కోడలు చప్పట్లు కొట్టేసింది.

"పాసు! పై అధికారి సంతకానికి మూడు పని దినాలు పడుతుంది. అందాకా అడుగు పడకూడదు" అన్నాడు, మూడో 'లేరు' రాసుకుంటూ.

కోడలికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆఖరికి ఒళ్ళు మండిపోయింది. "అత్తయ్యా, చీర మార్చుకుని బయటికి రండి!"

"ఎప్పుడో మార్చుకున్నానే" అంటూ అత్తగారు తన గది గుమ్మంలో నిలబడింది.

"ఆగండాగండి!" పరిశీలకుడు కర్ర అడ్డం పెట్టాడు. "నేల తవ్వించాల్సొస్తుంది!"

"సార్, ఆ గదిలో ఎవరన్నా ఉన్నారా?" అంది కోడలు.

"రికార్డు ప్రకారం లేరు."

"లేని మనిషి నడిస్తే అడుగు పడుతుందా?"

పరిశీలకుడు రూల్సు పుస్తకం తీశాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు, చెమట తుడుచుకున్నాడు. "పడదు. పడితే నా రికార్డు తప్పవుతుంది. నా రికార్డు ఇంతవరకు తప్పలేదు" అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అత్తగారు హాలుకి అడ్డంగా హాయిగా నడిచొచ్చింది. మధ్యలో ఆగి, పని బాగా చేశాడని మేస్త్రీని మెచ్చుకుంది కూడా. అత్తాకోడళ్ళు ఆటోలో పడి దారంతా పడీ పడీ నవ్వారు. నానమ్మని ముందు వరసలో చూసిన కుందేలు తన మాటలన్నీ చెప్పేసి, ఆ ఊపులో సింహం మాటలు కూడా చెప్పేసింది. సింహం వెక్కి వెక్కి ఏడ్చింది. హాలంతా ఒకటే చప్పట్లు.

మూడు పని దినాలు గడిచాక శాఖ బంట్రోతు రెండు కాయితాలు తెచ్చాడు. మొదటిది నేల పాసైనట్టు సర్టిఫికెట్. రెండోది అత్తగారి పేరు మీద నోటీసు: మూడు తనిఖీల్లోనూ లేరని తేలినందున ఆవిడ పేరు ఇంటివాళ్ళ జాబితాలోంచి కొట్టివేయడమైనది. దాన్ని ఆవిడకి తప్ప మరొకరికి ఇవ్వకూడదట. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని సంతకం చేసింది. బంట్రోతు ఆవిడ ముఖాన్ని ఫోటోతో, సంతకాన్ని పాత సంతకంతో ఒకటికి రెండుసార్లు సరిపోల్చుకుని, ముమ్మాటికీ ఆవిడేనని రూఢి చేసుకున్నాక, ఆవిడ లేదన్న కాయితం ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళాడు.