మా అత్తగారి జన్యుశాస్త్రం

మొన్న పొద్దున్న మా అమ్మాయి హిమబిందు ఉంగరాల జుట్టులో చిక్కుకుని దువ్వెన పళ్లు రెండు విరిగాయి. "ఇది నీ పుట్టింటి పీసే. మా వంశంలో ఇలాటి జుట్టు నేదు" అని మా అత్తగారు సన్యాసమ్మ నా మీద తీర్పు చెప్పారు. దువ్వెన గొడవ టిఫిన్ దాకా సాగింది.

పాఠకులారా, ఇలాంటి అత్తగారు ఇంటికొకరు ఉండాలి! ల్యాబులెందుకు, డీఎన్ఏ టెస్టులెందుకు? నేను డిగ్రీలో జువాలజీ చదివాను. బిడ్డకు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుందని మా లెక్చరర్ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఎంత గందరగోళం! అత్తగారి సూత్రంలో ఆ తికమక లేదు. పొడుగు, రంగు, లెక్కల్లో మార్కులు తండ్రి వైపువి. ఎత్తుపళ్లు, కళ్లజోడు, పడిశం తల్లి వైపువి.

మరి మా వారి బట్టతల? అది పోర్టు బొగ్గు దుమ్ము వల్ల వచ్చింది. ఆ దుమ్ము పోర్టు ఆఫీసులో ఆయన పక్కసీటు వరహాలు గారి నిండు క్రాపు మీద ఎందుకు వాలలేదని అడగకండి. శాస్త్రానికి ఎదురు చెప్పకూడదు.

ఒక్కటే చిన్న చిక్కు. మాది మేనరికం. అత్తగారు మా నాన్నకు స్వయానా అక్క. ఆవిడ పుట్టిందీ నేను పుట్టిందీ వన్ టౌన్‌లో ఒకే ఇంట్లో. ఇన్నేళ్లుగా ఆవిడ ఆడిపోసుకుంటున్న నా పుట్టిల్లు ఆవిడ పుట్టిల్లే! కొప్పు విప్పితే ఆవిడవీ ఉంగరాలే.

నాకు రెండోసారి కడుపు పోయినప్పుడు డాక్టరమ్మ "మేనరికమా?" అని అడిగింది. ఆవిడకి మేనబావలు లేరేమో, పాపం, అని అత్తగారు జాలిపడ్డారు.

వారం రోజులుగా ఇంట్లో నలుగుతున్న మాట నిన్న మధ్యాహ్నం, చేపల పులుసు వడ్డిస్తుండగా, బయటికొచ్చింది. హిమబిందుని మా అన్నయ్య కొడుకు సింహాద్రికి ఇచ్చేయాలట. "మా పుట్టింటి బిడ్డ. బంగారం. రత్తం బయటికి పోకూడదు" అన్నారు అత్తగారు. మా వారు ముల్లు తీసుకుంటూ తలూపారు. హిమబిందు కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

నేను గరిటె గిన్నెలో పెట్టాను.

"రక్తం మనింట్లో సరిపడా ఉందత్తా. పిల్లని బయట సంబంధానికే ఇత్తాను. అన్నయ్యకి పొద్దుటే చెప్పీసినాను."