మొండిదాని మెడపట్టా

పదకొండు గంటలకు పశువుల డాక్టరు వస్తాడు. బండివాడి గుర్రం ఇంకా బండి లాగడానికి పనికొస్తుందో లేదో చూసి కాగితం రాస్తాడు. పనికిరాదని రాస్తే గుర్రాన్ని అమ్మేయాలి. అందుకని ఆ ఉదయం ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. గుర్రానికి కొత్త నాడాలు కొట్టించాలి, దాని తోలుసామానుకు నూనె రాయాలి, డాక్టరు ముందు ఎవరూ నోరు జారకూడదు.

దాచవలసిన సంగతి ఒకటే. ఏడాదిగా ఆ గుర్రం కుడివైపు మలుపు రాగానే ఆగిపోతోంది. బుజ్జగించినా అంతే, తిట్టినా అంతే. బండివాడు దానికి మొండిది అని పేరు పెట్టి, ఎడమ మలుపులే ఏరుకుని తోలుతూ, స్టేషనుకు పోవలసినవాళ్ళకు సగం ఊరు చూపించి మరీ దింపుతున్నాడు. అయినా అమ్మాలంటే అతనికి ప్రాణం ఒప్పదు. పుట్టగానే తల్లి పోతే దాన్ని తన చేత్తో పాలు పట్టి పెంచాడు.

మొండిదాన్ని వీధి చివర నాడాల మేస్త్రీ దగ్గర వదిలి తిరిగొచ్చేసరికి, బావమరిది పెరట్లో చాప పరిచి కూర్చున్నాడు. చాప నిండా తోలు పట్టీలు, బకిల్సు, కళ్ళెం ముక్కలు దేనికది విడివిడిగా మెరుస్తున్నాయి.

"నూనె రాయమన్నాను గానీ విప్పమన్నానా?" అన్నాడు బండివాడు.

"విప్పకపోతే మడతల్లోకి నూనె ఎలా పోతుంది బావా? తడిగుడ్డతో చెమట మరకలు తీశాను. నీడలో ఆరబెట్టాను. పట్టీ పట్టీకీ నూనె పట్టించాను. నువ్వు ఇన్నేళ్ళూ పైపైన పాలిష్ కొట్టి ఊరుకున్నావు."

"సరే, మళ్ళీ బిగించు."

"విప్పడం వరకే నాకు తెలుసు."

 నిజానికి బిగించడం బండివాడికీ తెలియదు. అదంతా వాళ్ళ నాన్న బిగించి ఇచ్చింది. రోజూ రెండు బకిల్సు పెట్టడం, తీయడం తప్ప మిగతావాటి జోలికి అతనెప్పుడూ పోలేదు. ఆ మాట బావమరిది ముందు ఒప్పుకోవడం కంటే పెరట్లో గొయ్యి తీసుకుని కూర్చోవడం నయమనుకున్నాడు.

"ఒంటి మీద పెట్టి చూస్తే తెలిసిపోతుంది," అన్నాడు.

"గుర్రం ఇక్కడ లేదుగా."

బండివాడు అతణ్ణి మెడ నుంచి నడుం దాకా ఒకసారి కొలిచినట్టు చూశాడు. "వంగు."

అరగంటలో బావమరిది చేతులు, మోకాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. మెడలో బరువైన పట్టా, పొట్ట చుట్టూ పట్టీ, వీపు మీద పగ్గాలు. చివరికి ఒక్కటి మిగిలింది.

"ఇది తోక కింద నుంచి పోవాలి," అన్నాడు బండివాడు ఆలోచిస్తూ.

"దాన్ని వదిలెయ్ బావా, నీకు దండం పెడతాను."

బట్టలు ఆరేయడానికి వచ్చిన భార్య తమ్ముణ్ణి చూసి బకెట్టు కింద పెట్టింది. "మా నాన్న వాణ్ణి అంత చదివించింది ఇందుకేనా?" అంటూ పట్టా విప్పబోయింది. నూనెకు వేళ్ళు జారాయి గానీ బకిల్ కదల్లేదు.

ఇదంతా పక్కింటి పిన్ని గోడ మీంచి చూసింది. ఇటు కొట్టంలో గుర్రం లేదు. అటు బావమరిది పగ్గాలతో ఉన్నాడు. ఆవిడకు అంతే చాలు. పరుగున వెళ్ళి, గుర్రాన్ని వదిలించుకుని బావమరిదిని బండికి కట్టాడని నాడాల మేస్త్రీ చెవిన వేసింది.

"వదిలించుకున్నాడా? అయితే దీన్ని నా నెత్తిన పెట్టి పోయాడన్నమాట," అన్నాడు మేస్త్రీ. మూడు నాడాలతోనే గుర్రాన్ని పట్టుకుని బయలుదేరాడు. అటుగా వస్తున్న పశువుల డాక్టరు ఆ మాట విని సంచీ చంకన పెట్టుకుని అతని వెనకే పడ్డాడు.

వాళ్ళు పెరట్లో అడుగుపెట్టేసరికి, బిగింపు సరిపోయిందో లేదో చూద్దామని బండివాడు కుడి పగ్గం లాగుతున్నాడు.

"అబ్బా," అని బావమరిది ఉన్నచోటే ఆగిపోయాడు. "మెడ కింద ఏదో గుచ్చుతోంది బావా."

"నువ్వూ మొదలెట్టావా? అచ్చం మొండిదానిలాగే కుడి అనగానే ఆగుతావేంట్రా," అని విసుక్కుని తలెత్తాడు బండివాడు. ఎదురుగా డాక్టరు. దాచవలసిన సంగతి కాస్తా అతని నోటినుంచే బయటపడింది.

 డాక్టరు గొంతుకూర్చుని పట్టా లోపలికి వేళ్ళు పోనిచ్చి చటుక్కున వెనక్కి తీశాడు. వేలి కొసన రక్తపు చుక్క. పోయిన ఏడాది అందానికని బండివాడు కొట్టిన ఇత్తడి పువ్వు మేకు మొన, అస్తరు చీల్చుకుని లోపలికి వచ్చి ఉంది. పువ్వును అతను రోజూ తళతళలాడేలా తోముతున్నాడు. వెనక్కి తిప్పి ఒక్కసారీ చూడలేదు. డాక్టరు లేచి మొండిదాని కుడి భుజం మీద వెంట్రుకలు పక్కకు తీశాడు. అక్కడ చర్మం కాయ కాసి ఉంది.

"ఏడాదిగా దీన్ని తిట్టాను డాక్టరుగారూ," అన్నాడు బండివాడు.  సిగ్గుతో గుర్రం మొహంలోకి చూడలేకపోయాడు.

"అది ఏడాదిగా మీకు చెబుతూనే ఉంది," అంటూ డాక్టరు కాగితం తీశాడు. "పది రోజులు విశ్రాంతి ఇవ్వండి. ఆ మేకు పీకెయ్యండి. గుర్రం బంగారంలా పనికొస్తుంది."

"నాకూ పది రోజులు రాయండి," అన్నాడు కింద నుంచి బావమరిది. అతణ్ణి విప్పడం అప్పటిదాకా ఎవరికీ గుర్తురాలేదు.

ఇప్పుడా ఇంట్లో భార్య "మొండీ" అని కేకేస్తే గుర్రం చెవి కూడా కదపదు, బండివాడే "ఆ, వస్తున్నా" అంటున్నాడు.