తొమ్మిదిన్నర మంది

మానవజాతి రోగాల మీద సాధించిన విజయాలన్నిటిలోకీ గొప్పది మందు కనిపెట్టడం కాదు. ఆ మందు సీసా మూత ఎప్పుడు తియ్యాలో నిర్ణయించడం.

ఈ సత్యం కండక్టరమ్మకు ఒక సోమవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, బస్టాండు ఎదురుగా ఉన్న మందుల షాపులో తెలిసింది. ఆమె అప్పుడే డ్యూటీ దిగింది. భుజాన టికెట్ల సంచీ, చేతికి వేలాడుతూ ఆరేళ్ల కూతురూ ఉన్నారు. కూతురికి బడి పేరు ఒకటి ఉంది గానీ, ఇంట్లోనూ బస్సులోనూ అందరూ బుడంకాయ అనే పిలుస్తారు.

షాపు అద్దం మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది: "పెద్దలకూ పిల్లలకూ ప్రైవేటు టీకాలు. అపాయింట్‌మెంటు అక్కర్లేదు. వెంటనే వేయబడును." ("వెంటనే" అనే మాటకు అర్థం లోపల కౌంటరు పక్కన, చిన్న అక్షరాల్లో, నాలుగు పేజీల్లో ఉంది.)

"చలికాలపు జ్వరం టీకా వెయ్యాలండి, పాపకి" అంది కండక్టరమ్మ. "సర్టిఫికెట్ కూడా కావాలి. ఐదింటిలోపు."

ఫార్మసిస్టు నున్నగా దువ్విన తల ఊపి, ఫ్రిజ్ తలుపు తీసి, బొటనవేలంత సీసా ఒకటి చూపించి, మళ్లీ తలుపు మూసేశాడు.

"ఉంది."

"మరి వెయ్యండి."

"మిగతావాళ్లేరీ?"

"ఏ మిగతావాళ్లు?"

"సీసాలో పదిమందికి సరిపడా మందుంటుందమ్మా. మూత తీశామంటే గంటలో అయిపోవాలి. ఒక్క చుక్క మిగిలినా సీసా వినియోగాధికారికి నేను సంజాయిషీ రాసుకోవాలి. పదిమంది వస్తేనే మూత."

(సీసా వినియోగాధికారి హయాంలో ఇంతవరకు ఒక్క సీసా కూడా వృథా కాలేదు. ఎవరూ తెరవక గడువు తీరిపోయినవి వృథా కిందికి రావు. వాటిని రికార్డుల్లో "సంరక్షించినవి" అంటారు. అవి మొత్తం పదకొండు వేలు.)

పదిమందిలో మంచి అనిపించుకోవాలని, పదిమందీ నడిచే దారిలో నడవాలని కండక్టరమ్మ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది. పదిమంది పోగైతే తప్ప ఒంట్లోకి మందు ఎక్కదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మరో రోజయితే ఆమె "సరే, ఇంకోసారి వస్తాలెండి" అని వెళ్లిపోయేది. ఈ రోజు కుదరదు. ఆమె బస్సు వెళ్లే దారిలో ఉన్న ఒకే ఒక్క బడిలో బుడంకాయకి సీటు వచ్చింది. టీకా సర్టిఫికెట్ ఈ సాయంత్రం ఐదు గంటలలోపు ఫోన్లో పంపకపోతే ఆ సీటు తర్వాతి పేరుకి వెళ్లిపోతుంది. భర్త లారీ మీద వెళ్లి వారానికొకసారి వస్తాడు. పిల్లని చూసుకునేవాళ్లు లేక పోయిన ఏడాదంతా బుడంకాయ బస్సులోనే, కండక్టరు సీటు పక్కన పెరిగింది. ముప్ఫై రెండు స్టాపుల పేర్లూ వరసగా అప్పజెబుతుంది. అక్షరాలు మాత్రం నాలుగే వచ్చు. ఆ నాలుగూ బస్సు అద్దం మీదివే.

"అయితే ఇంకో తొమ్మిదిమందిని తేవాలన్నమాట" అంది కండక్టరమ్మ.

"తొమ్మిదిన్నర."

"అదేంటి?"

"పిల్లలకి సగం డోసు. టీకాలు నమోదు చేసే యాప్ లెక్కలో పాప అరమనిషి."

మరొకరైతే ఈ మాటకు నొచ్చుకునేవారు. కండక్టరమ్మ పదకొండేళ్లుగా అరటికెట్లు కొడుతున్న మనిషి. ఆమెకు ఇందులో వింతేమీ కనిపించలేదు. (కాకపోతే ఇంకో అరటికెట్టు ఎక్కితే గానీ బస్సు కదలదని ఆమె ఏనాడూ ఎవరినీ ఆపలేదు.)

"పోనీ పదిమంది పెద్దవాళ్లని తెస్తే?"

"పదిన్నర అవుతారు. ఆ అర కోసం రెండో సీసా తియ్యాలి. దానికి మళ్లీ తొమ్మిదిన్నర మంది కావాలి. తొమ్మిదిమంది పెద్దలు, మీ పాప, ఇంకో పిల్ల. అంతే. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

కండక్టరమ్మ గడియారం చూసింది. మూడూ పద్దెనిమిది. కూతుర్ని కౌంటరు ముందున్న బల్ల మీద కూర్చోబెట్టి, చీర కొంగు నడుముకి దోపి రోడ్డు దాటింది.

ఆమె డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"అన్నా, లే."

"టైమైందా?"

"అయింది. బస్సుకి కాదు, సూదికి."

డ్రైవరు ఏమీ అడక్కుండా దిగాడు. పదకొండేళ్లుగా ఆమె విజిలేస్తే ఆగడం, విజిలేస్తే కదలడం తప్ప అతను సొంతంగా ఒక నిర్ణయం తీసుకున్నది లేదు. ఒకరు.

బస్టాండు పక్కన మంగలి షాపు. మంగలి ఒక పెద్దమనిషికి సగం గడ్డం గీసి, మిగతా సగానికి నురగ పట్టిస్తున్నాడు.

"నేనొస్తే ఈయన్నేం చెయ్యనమ్మా?"

"ఆయన్నీ తీసుకురా."

"సగం గడ్డంతోనా?"

"గడ్డం సగమైనా మనిషి పూర్తేగా. నాకు కావాల్సింది మనిషి."

ముగ్గురు. తనతో కలిపి నలుగురు. ఆ తర్వాత ఆమె బస్టాపులో నిలబడి, వృత్తిలో నేర్చిన గొంతుతో ఒకే ఒక్క కేక పెట్టింది. "మూడే సీట్లు, మూడే! ఎక్కేవాళ్లు తొందరగా రండి!" ముగ్గురు ప్రయాణికులు పరిగెత్తుకొచ్చి ఆమె వెనకాల నిలబడ్డారు. ఎక్కడికని అడగడం వాళ్లకు షాపు మెట్లెక్కాక గుర్తొచ్చింది. అప్పటికి వెనక్కి తిరిగితే సీటు పోతుందేమోనన్న భయం పట్టుకుని ఉంది.

ఏడుగురు.

ఎనిమిదో మనిషి తనంతట తానే వచ్చాడు. టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. కండక్టరమ్మని ఎప్పటికైనా తప్పులో పట్టుకోవాలని ఆరేళ్లుగా స్తంభాల చాటున మాటేసిన మనిషి.

"ఏంటమ్మా, యూనిఫాంలో జనాన్ని పోగేస్తున్నావు? ఏం నడుస్తోంది ఇక్కడ?"

"టీకాలు సార్. చొక్కా చెయ్యి మడవండి."

"రసీదిస్తారా?"

"సర్టిఫికెట్టే ఇస్తారు సార్. మీ పేరు మీద, బొమ్మతో."

ఇన్‌స్పెక్టరు ముఖం మెత్తబడింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన అందరి కాగితాలూ అడిగాడు గానీ, ఆయనకు కాగితం ఇచ్చినవాళ్లు లేరు. చొక్కా చెయ్యి మడిచాడు.

మిగిలింది ఒక పెద్ద, ఒక పిల్ల. ఆ లెక్కకు సరిపోయే ఇల్లు బస్టాండు వెనక సందులో ఒక్కటే ఉంది. అది కండక్టరమ్మ ఆడపడుచుది. వాళ్లిద్దరికీ ఐదేళ్లుగా మాటల్లేవు. కారణం ఒక అరటికెట్టు. ఆడపడుచు తన కూతురికి ఐదేళ్లు నిండలేదు, అరటికెట్టు కూడా అక్కర్లేదంటే, కండక్టరమ్మ పిల్లని నిలువునా చూసి, నలుగురిలోనూ "ఏళ్లు పెరగవా వదినా దీనికి?" అంది.

తలుపు తీసిన ఆడపడుచు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఓహో! దారి తప్పి వచ్చినట్టున్నావే. మా గుమ్మం ముందు స్టాపు లేదు కదమ్మా."

"వదినా, తిట్టేది ఏదైనా ఉంటే రేపు పొద్దున్నుంచి తిట్టు. మీ తమ్ముడి కూతురు బడికి పోవాలా, బస్సులోనే ముసలిదైపోవాలా?"

ఆడపడుచు చెప్పులేసుకుంది. "తమ్ముడి కోసం వస్తున్నాను. నీ కోసం కాదు."

"ఎవరి కోసమైనా సూది ఒకటే. మీ పిల్లని కూడా పిలువు."

నాలుగూ అయిదుకి పదిమంది లెక్క ఫార్మసిస్టు ముందు వరసగా నిలబడింది. ఆయన కళ్లజోడు మీదుగా ఒక్కొక్కరినీ లెక్కబెట్టి, ఆడపడుచు కూతురి దగ్గర ఆగాడు.

"పాపకి వయసెంత? పన్నెండు నిండితే పెద్దమనిషి లెక్క. ఫుల్ డోసు."

ఆ పిల్లకి పోయిన మంగళవారమే పన్నెండు నిండాయి. ఆ సంగతి తల్లికి తెలుసు, కండక్టరమ్మకి తెలుసు. ఆరేళ్లుగా ఆ పిల్ల టికెట్టు తనిఖీ చేస్తున్న ఇన్‌స్పెక్టరుకి ఇంకా బాగా తెలుసు.

"పదకొండు" అంది ఆడపడుచు. అలవాటైన నోరు.

"అమ్మా, మొన్నే కదా…" అనబోయింది పిల్ల.

"అత్త చెప్తుంది ఆగు" అని ఆడపడుచు వదిన అనిపించుకున్న దర్జాతో కండక్టరమ్మ వైపు తిరిగింది. "చెప్పు. దీనికెంత?"

కండక్టరమ్మ గొంతు సవరించుకుంది. "పదకొండేనండి. కాస్త ఎత్తు పెరిగింది, అంతే."

ఇన్‌స్పెక్టరు సీలింగు ఫ్యాన్‌కి ఎన్ని రెక్కలున్నాయో లెక్కబెట్టడం మొదలుపెట్టాడు. మూడు. మళ్లీ లెక్కబెట్టాడు.

మూత తెరుచుకుంది.

తర్వాత యాప్ తన పని తాను చేసుకుపోయింది. మనిషికి ముప్ఫై ప్రశ్నలు. (పంతొమ్మిదోది: "ఇంతకుముందు సూదిని చూసి పారిపోయారా? ఔను అయితే, సుమారు ఎంత దూరం?" మంగలి "రెండు స్టాపులు" అని నింపాడు.) జట్టును పోగేసినవారి కుటుంబం ఆఖర్న రావాలన్నది నిబంధన. పూర్వం ఒకాయన తన పని కాగానే జట్టుని గాలికొదిలి పోయాడట. అలా ఇన్‌స్పెక్టరు, డ్రైవరు, సగం గడ్డం, అందరూ అయ్యారు. ఆడపడుచు కూతురు అయింది. కండక్టరమ్మ అయింది. బుడంకాయ వంతు వచ్చేసరికి నాలుగూ యాభై రెండు.

ఫార్మసిస్టు సూది ఎక్కించబోతూ గోడ గడియారం చూసి ఆగిపోయాడు.

"సర్టిఫికెట్ ఐదింటికి కావాలన్నారు కదూ?"

"ఐదింటిలోపు."

"అయితే చిక్కే. టీకా వేశాక పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి గమనించాలి. ఏమీ కాలేదని చూశాకే యాప్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఇప్పుడు వేస్తే ఐదూ ఏడు."

కండక్టరమ్మ కౌంటరు పక్కనున్న ఆ నాలుగు పేజీలూ ఆయన ముందుకు తోసింది. "ఏదో ఒక దారి చూడండి బాబూ."

ఫార్మసిస్టు నాలుగు పేజీలూ తిరగేశాడు. మూడో పేజీలో వేలు ఆగింది. "ఉంది. టీకా వెయ్యకపోతే గమనించాల్సింది ఏమీ ఉండదు. వేసినట్టు నొక్కేస్తే సర్టిఫికెట్ ఇప్పుడే వస్తుంది."

"సరే, ముందు కాగితం ఇచ్చి, తర్వాత మందు వెయ్యండి."

"కాగితం వచ్చాక వేస్తే అది రెండో డోసవుతుందమ్మా. మొదటిదానికీ రెండోదానికీ మధ్య నాలుగు వారాలుండాలి. వెయ్యని మొదటి డోసుకైనా సరే." ఆయన గొంతులో కోపం గానీ జాలి గానీ లేవు. "చెప్పండి. మందా, కాగితమా?"

"మందు వేయించమ్మా" అన్నాడు డ్రైవరు, జీవితంలో మొదటిసారి విజిల్ లేకుండా.

"మందు ఎప్పుడైనా దొరుకుతుంది, సీటు దొరుకుతుందా?" అంది ఆడపడుచు.

"బడివాళ్లు అడిగింది కాగితమే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మందు అడిగినట్టు ఎక్కడా లేదు."

బుడంకాయ చెయ్యి మడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ధైర్యం కోసం స్టాపులు వల్లిస్తోంది. "మార్కెట్టు, కోర్టు, పెద్దాసుపత్రి…" ఆసుపత్రి తర్వాత బడి స్టాపు. అక్కడ దిగేవాళ్లని ఏడాదంతా కిటికీలోంచి చూసిందే తప్ప, ఆ పిల్ల ఒక్కరోజూ దిగలేదు.

నాలుగూ యాభై నాలుగు.

"కాగితం ఇవ్వండి" అంది కండక్టరమ్మ.

ఫార్మసిస్టు నొక్కాడు. ఫోను మోగింది. నాలుగూ యాభై ఆరుకి సర్టిఫికెట్ బడికి చేరింది, యాభై ఏడుకి "సీటు ఖాయం" అని జవాబు వచ్చింది. సీసా అడుగున ఇంకా మిగిలిన మందుని ఫార్మసిస్టు సింకులో వంపేశాడు. రికార్డు ప్రకారం పదికి పదీ అయిపోయాయి కాబట్టి సీసా ఖాళీ. ఖాళీ సీసాలో మందు మిగలడానికి నిబంధనలు ఒప్పుకోవు.

బుడంకాయ ఒక కన్ను తెరిచింది. "అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా" అంది తల్లి, ఎటో చూస్తూ.

"అస్సలు నొప్పే లేదు!"

ఆ మాటను బుడంకాయ మర్నాడు బడిలో మొదటి పీరియడ్‌లోనే అందరికీ చెప్పింది. పిల్లలు ఇళ్లలో చెప్పారు. బుధవారానికి తల్లులు మందుల షాపు ముందు గుమిగూడారు: కండక్టరు కూతురికి వేసిందే కావాలి, ఇంకొకటొద్దు. ఫార్మసిస్టు ఎంతో కాలం తటపటాయించలేదు. అడిగినవాళ్లకి అడిగింది ఇవ్వడమే వ్యాపారం. ఆ టీకా వేయించుకున్న ఒక్కరికైనా జ్వరం రాలేదు, చెయ్యి వాయలేదు, కళ్లు తిరగలేదు. ఇంత సురక్షితమైన టీకా తన హయాంలోనే రాలేదని సీసా వినియోగాధికారి స్వయంగా అభినందన పత్రం పంపాడు.

సరిగ్గా నాలుగు వారాల తర్వాత కండక్టరమ్మ సెలవు పెట్టి, కూతుర్ని తీసుకుని షాపుకి వచ్చింది. లైను బస్టాండు దాకా ఉంది. అద్దం మీద కొత్త అక్షరాలు: "నొప్పి లేని టీకా. ఒక్కరే వచ్చినా సరే. ఆగక్కర్లేదు." కరెంటు ఖర్చు దండగని ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి, దాని మీద పూలకుండీ పెట్టారు.

ఆమె కౌంటరు దగ్గరికి వంగి, వెనకవాళ్లకి వినపడకుండా అడిగింది. "పాపకి మందున్న టీకా కావాలండి."

ఫార్మసిస్టు రాస్తున్న కలం ఆపాడు. బుడంకాయని కిందినుంచి పైదాకా ఆందోళనగా చూశాడు.

"ఎందుకమ్మా?" అన్నాడు. "పాపకి ఒంట్లో బాలేదా?"